ఆఫర్ లెటర్ చేతికందని వారందరూ

మౌనికా,

మొన్న నువ్వు ఫోన్ చేసి "క్యాంపస్ న్యూస్ కూడా నా నెత్తిన పడేశారు మేడం, ఏం చెయ్యాలో చెప్పండి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. పడేశారు అన్నావు చూడు, సరిగ్గా అన్నావు. మన కాలేజీలో ఆ పని ఎవరూ కోరి తీసుకున్నది కాదు. నేను చేరిన కొత్తలో అప్పటి ప్రిన్సిపాల్ గారు పిలిచి, "మీరు ఇంగ్లీషు కదమ్మా, ఖాళీగా ఉన్నప్పుడు రెండు ముక్కలు రాసిపెట్టండి" అన్నారు. ఇంగ్లీషు చెప్పేవాళ్ళకి వేరే పనేముంటుందని ఇంజనీరింగు కాలేజీల్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ రెండు ముక్కలు పెరిగి పెరిగి, పొద్దున్నే మైకులో ప్రకటనలు, నోటీసు బోర్డు, పేపర్లకి పంపే వార్తలు, గేటు దగ్గర ఫ్లెక్సీలు, చివరికి వాట్సాప్ గ్రూపులూ అయ్యాయి. రిటైరయ్యేదాకా నన్ను వదల్లేదు.

ఏ ఫైలు ఎక్కడుందో ఆఫీసులో అడుగు, వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పనివి మాత్రం నేను రాస్తాను. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకు. నా నోరు ఎలాంటిదో నీకు తెలిసిందే.

మైకు

ప్రిన్సిపాల్ గారికి ఒకసారి ఒక ఆలోచన వచ్చింది. రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక, ఆ రోజు పుట్టినరోజున్న పిల్లల పేర్లు మైకులో చదవాలి. మంచి ఆలోచనే, కాదనను. పదో తరగతి సర్టిఫికెట్లలోని తేదీలు చూసి పేర్లు రాయించాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. జూన్ వచ్చింది. ఇక చూడు, రోజూ మైకులో పేర్లే పేర్లు, ఆగితే ఒట్టు. కాలేజీలో సగంమంది జూన్‌లోనే పుట్టారా అని స్టాఫ్ రూములో ఒకటే నవ్వులు. చివరికి మెకానికల్ బ్రాంచి కుర్రాడొకడు వచ్చి, "మేడం, నన్ను వదిలెయ్యండి. నేను పుట్టింది గోదారి వరదల్లోనండి, మా అమ్మ చెప్పింది. జూన్‌లో పుట్టించింది మా ఒకటో తరగతి మాస్టారండి" అన్నాడు. బడిలో చేర్చుకోవడానికి వయసు సరిపోవాలి కదా, మాస్టార్లు తోచిన తేదీ వేసేశారు. మర్నాటి నుంచి ఆ కార్యక్రమం మానేశాం. కాగితం మీద ఉంది కదా అని ప్రతిదీ మైకులో చదివెయ్యకూడదని నాకు మొదట తెలిసింది అప్పుడే.

రెండోది నవ్వుకునే సంగతి కాదు. నేను సెలవులో ఉన్న ఒకరోజు, నా బదులు మైకు పట్టుకున్నాయన, "ఫలానా సెక్షన్, ఫలానా అబ్బాయి వెంటనే ఆఫీసుకు రావాలి, ఇంటి దగ్గర్నుంచి ఫోను" అని గట్టిగా చెప్పాడు. ఆ పిల్లవాడు మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడట. వాళ్ళ నాన్న పోయారు. వరండాల నిండా నిలబడి చూస్తున్న జనం మధ్యలో ఆ కబురు విన్నాడు. నాకు తెలిసి ఒళ్ళు మండిపోయింది. నేను తిరిగొచ్చాక ఆయన్ని కడిగేశాను. అలాంటప్పుడు మైకు ముట్టుకోకు. వాడి స్నేహితుణ్ణి ఒకణ్ణి పంపు, పుస్తకాల బ్యాగుతో సహా తీసుకురమ్మను. గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, అప్పుడు చెప్పు.

ఘనంగా

పేపర్లకి వార్త పంపడం నీకు వారంలో వచ్చేస్తుంది. మన దగ్గర ఏ కార్యక్రమమైనా ఘనంగానే జరుగుతుంది. ఇంజనీర్స్ డే ఘనంగా, రక్తదానం ఘనంగా, ఆఖరికి ఒక మాస్టారి సంతాపసభ కూడా ఘనంగా జరిగిందని ఎవరో రాశారు. నేను ఒట్టేసుకుని ఆ మాట మానేశాను. మూడు వార్తలు అలా వెళ్ళేసరికి మన కాలేజీ సెక్రటరీ గారు పిలిపించారు. "ఏమండీ, మన ప్రోగ్రాములు ఈమధ్య ఘనంగా జరగట్లేదా ఏంటండీ?" అని పాపం నిజంగానే బాధపడుతూ అడిగారు. మళ్ళీ పెట్టాను. కొన్నింటికి పోట్లాడి లాభం లేదు.

ఫొటోల సంగతీ అంతే. చుట్టూ నర్సరీలే కాబట్టి ముఖ్య అతిథికి పూలగుత్తి బదులు మొక్క ఇస్తాం. ఫొటో తీసేటప్పుడు ఉన్నవాళ్ళంతా ఆ కుండీ మీద తలో చెయ్యీ వేస్తారు. పేపర్లో చేతులు కనపడతాయి, మొక్క కనపడదు. సెక్రటరీ గారు మధ్యలో ఉండాలి. పక్కకి జరిగితే ఆ ఫొటో మనకి పనికిరాదు.

ఆయన్ని గురించి నీకొక మాట చెప్పాలి, ముందు ముందు నువ్వూ ఆయనతో పడాలి కాబట్టి. సెక్రటరీ గారు చెడ్డవారు కాదు. సొంత పొలంలో కాలేజీ కట్టారు. సీట్లు నిండని ఏడాది ఆయన మొహం చూడలేం, అన్నం కూడా సరిగా తినేవారు కాదని వాళ్ళింట్లోవాళ్ళే చెప్పేవారు. సీట్లు నిండాలంటే ఉద్యోగాలొచ్చాయని జనం నమ్మాలి. అందుకే ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది గేటు దగ్గర ఫ్లెక్సీ. పిల్లల ఫొటోలు ఆయనే స్వయంగా ఎంచేవారు. ఎవరు పెద్దగా ఉండాలో, ఎవరు చిన్నగా ఉండాలో కూడా ఆయనే చెప్పేవారు.

దీవెన ఫొటో

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

దీవెన ఎలక్ట్రానిక్స్ ఫైనలియర్ అమ్మాయి. మాట తక్కువ, మార్కులు ఎక్కువ. వాళ్ళ నాన్న ఏసురత్నం గారు కడియం పక్క నర్సరీలో మొక్కలకి అంట్లు కడతారు. ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు వచ్చి, పరీక్ష పెట్టి, మాట్లాడించి, కొంతమంది పిల్లల పేర్లు చదివి వెళ్ళారు. అందులో దీవెన ఉంది. ఆఫర్ లెటర్లు తరువాత పంపుతామన్నారు.

తరువాత అన్నారు కదా, వచ్చేదాకా ఆగుదామని నేనన్నాను. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ప్రసాద్ గారూ నసిగారు. సెక్రటరీ గారు వింటేనా! "పేర్లు వాళ్ళ నోటితో వాళ్ళే చదివారు కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. మర్నాటికల్లా ఫ్లెక్సీ లేచింది. మధ్యలో దీవెన ఫొటో, అందరికన్నా పెద్దది. అచ్చుకి ఇచ్చేటప్పుడే, "నర్సరీ కూలీ కూతురు అని కింద వేయించండి మేడం, జనాన్ని బాగా పట్టుకుంటుంది" అన్నారు. అది మాత్రం నేను వెయ్యనన్నాను. ఆ పిల్ల రాసింది పరీక్ష, వాళ్ళ నాన్న రాయలేదు అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు చూడు, సరిగ్గా అలాగే జరిగింది. ఊళ్ళో దీవెన వాళ్ళ పేటవాళ్ళు సెంటర్లో ఇంకో ఫ్లెక్సీ కట్టారు. ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టారు. నన్నూ పిలిస్తే వెళ్ళాను. పాస్టరు గారు మైకులో దీవెన ఉద్యోగం గురించి చెప్పి ప్రార్థన చేశారు. ఏసురత్నం గారు తెల్లచొక్కా వేసుకుని, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు అటూ ఇటూ తిరుగుతూ, అందరికీ తనే వడ్డించారు. నాకు రెండోసారి కూర వేస్తూ, "మా ఇంట్లో ఆఫీసుకెళ్ళే మనిషి ఇదే మొదలండి" అన్నారు.

తరువాత చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. లెటర్లు రాలేదు. ప్రసాద్ గారు ఫోన్ చేస్తే ప్రాజెక్టులు లేవు, కొంచెం ఆలస్యమవుతుంది అనేవారట. కొన్నాళ్ళకి ఫోన్ ఎత్తడం కూడా మానేశారు. ఫ్లెక్సీ మాత్రం అడ్మిషన్ల కాలం కదా అని కొత్తది, ఇంకా పెద్దది కట్టించారు.

ఇంతలో విశాఖపట్నం నుంచి ఒక చిన్న కంపెనీ వస్తామని కబురు చేసింది. కరెంటు మీటర్లలోకి వెళ్ళే బోర్డులు తయారుచేస్తారు. పేరు పెద్దది కాదు గానీ, ఎంపికైనవాళ్ళకి అదే రోజు లెటరు చేతిలో పెడతామన్నారు. ఆ మాట వినగానే దీవెన స్టాఫ్ రూముకి వచ్చింది. వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"లోపలికి రావే, ఏంటలా నిలబడ్డావ్?"

"మేడం, ఆ కంపెనీ డ్రైవ్‌కి నన్ను రానివ్వరంటండి. నేను ప్లేస్డ్ అంటండి. ఒకరికి ఒకే ఉద్యోగం అని రూలంట కదండి."

"ఎవరన్నారు?"

"ప్రసాద్ సారండి. నాకు ఉద్యోగం ఉందంటున్నారు మేడం. ఎక్కడుందో చెప్తే నేనెళ్ళి చేరిపోతానండి." ఆ పిల్ల ఏడవలేదు, కోపంగా ఉంది. "ఆదివారం ప్రార్థనకి గుడికెళ్ళడం మానేశానండి. బయటికి రాగానే అందరూ ఎప్పుడు చేరుతున్నావమ్మా అని అడుగుతారండి. నాన్న ఏం చెప్పాలో తెలీక, వచ్చే నెల అంటారండి. ప్రతి నెలా వచ్చే నెలేనండి."

ఒకరికి ఒకే ఉద్యోగం అన్న రూలు మంచిదే. బాగా చదివేవాళ్ళు నాలుగైదు పట్టేసుకుంటే మిగిలినవాళ్ళకి దారి ఉండదు. కానీ ఈ పిల్లకి చేతిలో ఒక్కటీ లేదు, ఉన్నట్టు గేటు దగ్గర మేమే కట్టాం. కాలేజీ నుంచి బయటికి వెళ్ళిపోయాక ఇలాంటి కంపెనీ గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇదొక్కటే మిగిలింది.

ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అడకత్తెరలో పోకచెక్క. "నాకూ తెలుసు మేడం. ఆ పిల్లని కూర్చోబెడితే ప్లేస్ కానట్టే కదండి. మన లెక్క తప్పని సెక్రటరీ గారి ముందు నేనెలా చెప్పనండి?" అన్నారు.

సరే, నేనే వెళ్ళాను. సెక్రటరీ గారు శాంతంగానే విన్నారు. కాఫీ కూడా ఇప్పించారు.

"మనం అబద్ధం చెప్పలేదు కదండీ" అన్నారు.

"చెప్పిన రోజున నిజమేనండి. ఇవాళ కాదండి."

"ఈ నెలలో ఊళ్ళనుంచి తల్లిదండ్రులొస్తారు. ఆ అమ్మాయి ఫొటో గేటు దగ్గర చూసి లోపలికొస్తారు. లోపల ఆ అమ్మాయే మళ్ళీ ఉద్యోగం కోసం కూర్చునుంటే ఏమనుకుంటారు? నా పరువు సంగతి అటుంచండి. సీట్లు నిండకపోతే మీ అందరికీ నేనేమని జవాబు చెప్పను?"

ఆయన భయం అబద్ధం కాదు. "ఒక్క అమ్మాయే కదండి" అన్నాను.

"చూద్దాం లెండి" అన్నారు.

మౌనికా, ఇది గుర్తుపెట్టుకో. సెక్రటరీ గారు సరే అంటే సరే. కాదు అంటే ఇంకోసారి అడగొచ్చు. చూద్దాం లెండి అంటే అయిపోయిందని అర్థం.

సెమినార్ హాలు ముందు

కంపెనీవాళ్ళు వచ్చే రోజు పొద్దున ప్రసాద్ గారి దగ్గర్నుంచి మైకులో చదవాల్సిన నోటీసు వచ్చింది. ఇంతవరకు ఏ కంపెనీకీ ఎంపిక కాని ఫైనలియర్ విద్యార్థులు మధ్యాహ్నం సెమినార్ హాలుకి రావాలని ఉంది. ప్రార్థన అయ్యింది. నేను మైకు తీసుకున్నాను. చెప్పింది ఇది: "ఇంతవరకు ఆఫర్ లెటర్ చేతికందని ఫైనలియర్ విద్యార్థులందరూ ఈ మధ్యాహ్నం సెమినార్ హాలుకి రావాలి." అందరూ వినాలని రెండుసార్లు చెప్పాను. ఫైనలియర్ గ్రూపులో కూడా అదే మాట పెట్టాను.

పొరపాటున నోరు జారలేదు. రాత్రంతా ఆలోచించుకుని వచ్చాను. ఇది నువ్వు రోజూ చెయ్యాలని చెప్పట్లేదు. ఇచ్చిన నోటీసు ఇచ్చినట్టు చదవడమే మన పని, ఇన్నేళ్ళూ అలాగే చదివాను. కానీ మనం చెప్పిన వార్తే ఒక పిల్ల దారికి అడ్డం పడినప్పుడు, ఆ వార్త తప్పని చెప్పడం కూడా మన పనే. మైకు ఆపి స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నాక మాత్రం భయం వేసింది. రిటైర్మెంటు దగ్గరపడింది, ఈ వయసులో నాకిదంతా అవసరమా అని కూడా అనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు వైపు వెళ్ళాను. దీవెన ఒక్కతే వస్తుందనుకున్నాను. వెళ్ళేసరికి వరండాలో లైను మెట్ల దాకా ఉంది. దీవెన ముందు ఉంది. వెనకాల చూస్తే, అమ్మో, ఫ్లెక్సీలో ఉన్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. తమ ఒక్కరికే లెటరు రాలేదేమో అనుకుని ఇన్నాళ్ళూ ఎవరికివాళ్ళు నోరు మూసుకున్నారు పాపం.

నేనింకా తేరుకోకముందే సెక్రటరీ గారి కారు వచ్చి ఆగింది. దిగి, లైను చూస్తూ మెల్లగా నడిచి వచ్చారు. ఫొటోలు ఎంచింది ఆయనే కదా, ఒక్కొక్క మొహం ఆయనకి తెలుసు. ఒక అబ్బాయి దగ్గర ఆగారు.

"నువ్వు మన ఫ్లెక్సీలో లేవట్రా?"

"ఉన్నానండి."

"మరి ఇక్కడేంటి?"

"ఉద్యోగం లేదండి."

వాడు ఎగతాళిగా అనలేదు. అడిగినదానికి చెప్పాడంతే. సెక్రటరీ గారు నా వైపు తిరిగారు.

"మైకులో మీరేం చెప్పారండీ?"

చెప్పాను, ఉన్నదున్నట్టు.

"అలా చదవమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండి. నేనే చదివాను."

ఆయన మొహం ఎర్రబడింది. అక్కడే నన్ను నాలుగు మాటలు అంటారనుకున్నాను. మళ్ళీ ఒకసారి లైను చివరి దాకా చూశారు. దీవెన ఆయన్నే చూస్తూ నిలబడింది, తల దించలేదు. హాలు లోపల్నుంచి ప్రసాద్ గారు కంగారుగా బయటికి వచ్చి, ఆయన్ని చూసి కొయ్యబారిపోయారు.

"ప్రసాద్ గారూ" అన్నారు సెక్రటరీ గారు, గొంతు తగ్గించి. "లోపల కుర్చీలు చాలవండి. పక్క క్లాసులోంచి తెప్పించండి."

అంతే అన్నారు. మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయారు. ఫ్లెక్సీ దించేశారేమో అనుకోకు. అడ్మిషన్లు అయ్యేదాకా అది అలాగే ఉంది. నాతో మాత్రం చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే అటెండరు చేత చెప్పించేవారు. నా రిటైర్మెంటు సభలో మళ్ళీ పలకరించారు, మొక్క కూడా ఇచ్చారు, ఫొటోలో మధ్యలో నిలబడ్డారు.

మంచి వార్త ఆపడం

ఆ సాయంత్రం కంపెనీవాళ్ళు కొద్దిమందినే తీసుకున్నారు. లైనులో నిలబడ్డవాళ్ళందరికీ రాలేదు, ఆ మాట నీకు దాచను. దీవెనకి వచ్చింది. లెటరు కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వెనకాలే ప్రసాద్ గారు ఫోన్ తీసి, "అమ్మా, ఒక ఫొటో" అన్నారు. దీవెన కవరు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు సార్" అంది. తరువాత నాతో, "మేడం, ఈసారి ఎవరికీ చెప్పకండి. నాన్నకి కూడా ఊళ్ళో చెప్పొద్దనే చెప్తానండి. నేను చేరి, మొదటి రోజు పని చేసి, గేటు బయటికి వచ్చాక మీకు ఫోన్ చేస్తానండి. అప్పుడు మీ ఇష్టం, ఊరంతా చెప్పుకోండి" అంది.

ఆపాను. చెప్పినంత తేలిక కాదు మౌనికా. మంచి వార్త నోట్లో ఉంటే నాలుక దురద పెడుతుంది. ప్రసాద్ గారు అడిగారు, జిల్లా పేజీ విలేకరి అడిగాడు, చివరికి అటెండరు చేత సెక్రటరీ గారూ అడిగించారు. పిల్ల వద్దంది, అందుకని లేదు అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను గట్టిగా నిలబడి ఆపిన వార్త అదొక్కటే. నీకూ అలాంటిది ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు, ఆ వార్త ఎవరిదో వాళ్ళని అడుగు. సెక్రటరీ గారిది కాదు, నీదీ కాదు.

నేను రిటైరయ్యాను. మైకు నీ చేతికి వచ్చింది. గ్రూపుల్లోంచి నన్ను తీసేశారు, పద్ధతి ప్రకారం అది సరే. ఒకరోజు సాయంత్రం రాజమండ్రిలో కళ్ళ డాక్టరుకి చూపించుకుని బస్సులో ఇంటికి వస్తున్నాను. వేమగిరి దగ్గర లారీలు అడ్డం పడి బస్సు నత్తనడక నడుస్తోంది. ఫోన్ మోగింది.

"మేడం, నేను దీవెననండి. ఇప్పుడే గేటు బయటికి వచ్చానండి. ఫస్ట్ డే అయిపోయిందండి."

"ఎలా ఉందే?"

"కాళ్ళు నొప్పులండి. కుర్చీ ఇచ్చారు గానీ కూర్చోనివ్వలేదండి, రోజంతా మెషిన్ల దగ్గరే తిప్పారండి. బాగుందండి."

"నాన్నగారికి చెప్పావా?"

"చెప్పానండి. ఫోన్ పట్టుకుని ఏడ్చేశారండి." తరువాత అంది, "ఇంక మీరు చెప్పుకోవచ్చు మేడం."

ఫోన్ పెట్టేశాను. చెప్పుకోవచ్చంది సరే, ఎవరికి చెప్పను? మైకు లేదు, బోర్డు లేదు, పేపరువాళ్ళకి నేనిప్పుడు ఎవర్ని? కడుపులో మాత్రం ఆగట్లేదు. పక్క సీట్లో, కాళ్ళ దగ్గర ఖాళీ పూలబుట్ట పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది, కడియపులంక దిగే మనిషిలా ఉంది. ఆవిడ వైపు తిరిగాను.

"మా కాలేజీ అమ్మాయి ఒకర్తి ఇవాళ ఉద్యోగంలో చేరిందండి" అన్నాను. మైకులో చెప్పీ చెప్పీ నా గొంతు అలవాటు పడిపోయిందేమో, ముందు సీట్లవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.

"శుభం అండి" అందావిడ. "జీతమెంతంటండి?"

"అడగలేదండి" అన్నాను. "చేరిందండి."